అతను ఎవరు? తాన్యా రైన్‌హార్ట్ మీద పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: తాన్యా రైన్‌హార్ట్ అనే ఇజ్రాయెల్ భాషాశాస్త్రజ్ఞురాలి పేరు విన్నాను. చచ్చిపోయిన హీబ్రూని బతికించింది ఆవిడేనా? ఆవిడ జీవితం గురించి చెప్పండి.
డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: కాదమ్మా. హీబ్రూని మళ్ళీ ఇంట్లో మాట్లాడుకునే భాషగా నిలబెట్టిన ఉద్యమంలో మొదట చెప్పుకునే పేరు ఎలియేజర్ బెన్ యెహూదాది. ఆయన 1858లో పుట్టి 1922లో పోయారు. 1881లో పాలస్తీనా చేరుకుని, మరుసటేడు పుట్టిన కొడుకుని హీబ్రూ తప్ప ఇంకో భాష చెవిన పడకుండా పెంచారు. హీబ్రూ పూర్తిగా చచ్చిపోయిందనడం కూడా సరికాదు. ప్రార్థనలో, రాతలో అది ఎప్పుడూ ఉంది. లేనిది పిల్లల నోట్లోనే.

రైన్‌హార్ట్ ఆ తరవాతి తరం మనిషి. 1943లో హైఫా దగ్గర కిర్యత్ హయీమ్‌లో పుట్టారు. అప్పటికి అక్కడ బ్రిటిష్ పాలన. ఇజ్రాయెల్ ఏర్పడింది 1948లో. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం, సాహిత్యం చదివి, అమెరికా వెళ్ళి ఎంఐటీలో భాషాశాస్త్రజ్ఞుడు నోమ్ చోమ్‌స్కీ దగ్గర పరిశోధన చేశారు. 1976లో డాక్టరేట్ వచ్చింది. తిరిగొచ్చి టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం, సాహిత్య సిద్ధాంతం బోధించారు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంతోనూ చాలాకాలం అనుబంధం ఉండేది. భర్త అహరోన్ షబ్తాయ్ పేరున్న హీబ్రూ కవి, గ్రీకు నాటకాలను హీబ్రూలోకి తెచ్చిన అనువాదకుడు. 2006 చివర ఆమె ఇజ్రాయెల్ వదిలి న్యూయార్క్ వెళ్ళారు. 2007 మార్చి 17న న్యూయార్క్ రాష్ట్రంలోనే ఉన్న మోంటాక్‌లో, నిద్రలోనే, పక్షవాతంతో కన్నుమూశారు. అరవై మూడేళ్ళు.

ప్రశ్న: భాషాశాస్త్రంలో ఆవిడ కనిపెట్టింది ఏమిటి? బళ్ళో వ్యాకరణం చెప్పేవాడిని. తెలుగు వాక్యాలతో చెబితే నాకూ, మా పిల్లలకూ ఉపయోగం.
తెలుగు ఉపాధ్యాయుడు, రాజాం

జవాబు: మాస్టారూ, రెండు వాక్యాలు నల్లబల్ల మీద రాయండి.

అతను రాము తమ్ముణ్ణి పిలిచాడు.
అతని తమ్ముడు రాముని పిలిచాడు.

మొదటి వాక్యంలో 'అతను' రామూ కావచ్చా అని అడగండి. కాదంటారు. పిలిచినవాడు ఇంకెవరో. రెండో వాక్యంలో 'అతని' అన్నది రాముని ఉద్దేశించి కావచ్చా అని అడగండి. కావచ్చంటారు. పిలిచింది రాము సొంత తమ్ముడే అయినా వాక్యం చెల్లుతుంది. రెండింట్లోనూ సర్వనామమే ముందుంది, పేరు తరవాతే ఉంది. మరి తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది?

పేరు ముందు రావాలి, సర్వనామం తరవాత రావాలి అని మనం పిల్లలకి చెబుతుంటాం. 1969లో రొనాల్డ్ లాంగకర్ అనే భాషాశాస్త్రజ్ఞుడు ఈ విషయాన్ని కొంచెం గట్టిగా సూత్రీకరించారు. సర్వనామం పేరు కన్నా ముందు ఉండి, తానున్న ఉపవాక్యంలోనే ఆ పేరు కూడా ఉంటే ఇద్దరూ ఒకరు కాకూడదన్నారు. ఆ సూత్రాన్ని ఉన్నదున్నట్టు పెడితే మన రెండో వాక్యం కూడా చెల్లకూడదు. కానీ చెల్లుతోంది. ముందు వెనకల లెక్కతో ఈ చిక్కు వీడదు, వాక్యం లోపలి కట్టడంలో ఎవరు ఏ ఎత్తున కూర్చున్నారన్నది చూడాలి అని 1976 నాటి తన సిద్ధాంత గ్రంథంలో రైన్‌హార్ట్ చూపించారు. ఆ కొలతకే సి-కమాండ్ అని పేరు.

దాన్ని చెట్టులా గీద్దాం. పైన ఒక కణుపు, అదే వాక్యం మొత్తం. దాన్నుంచి రెండు కొమ్మలు. ఎడమ కొమ్మకి కర్త, కుడి కొమ్మకి మిగిలిన కట్ట. మొదటి వాక్యంలో ఎడమన 'అతను' ఒక్కటే ఉంది. కుడిన 'రాము తమ్ముణ్ణి పిలిచాడు' అన్న కట్ట. ఆ కట్ట మళ్ళీ రెండుగా చీలుతుంది: 'రాము తమ్ముణ్ణి' ఒకటి, 'పిలిచాడు' ఒకటి. 'రాము తమ్ముణ్ణి' కూడా రెండుగా చీలుతుంది: 'రాము', 'తమ్ముణ్ణి'. ఇప్పుడు 'అతను' మీద వేలు పెట్టి, కొమ్మ చీలిన మొదటి కణుపు దాకా పైకి వెళ్ళండి. అది వాక్యపు తల. అక్కణ్ణుంచి కిందికి దిగితే ఏ కొమ్మకైనా చేరుకోవచ్చు. 'రాము' కూడా దొరుకుతాడు. అంటే 'అతను' రాముని సి-కమాండ్ చేస్తోంది.

రెండో వాక్యంలో ఎడమ కొమ్మకి 'అతని తమ్ముడు' అన్న జంట ఉంది. 'అతని' మీద వేలు పెట్టి పైకి వెళ్తే మొదట తగిలే చీలిక ఆ జంట కణుపే. దాని కిందికి దిగితే 'తమ్ముడు' తప్ప ఇంకేమీ లేదు. రాము అటువైపు కొమ్మలో ఉన్నాడు, అందడు. కాబట్టి 'అతని' రాముని సి-కమాండ్ చెయ్యదు.

ఇక సూత్రం: సర్వనామం ఒక పేరుని సి-కమాండ్ చేస్తే ఆ రెండూ ఒకే మనిషి కాలేవు. చెయ్యకపోతే కావచ్చు. పిల్లలకి చెప్పాలంటే ఇంటి చుట్టరికంతో చెప్పండి. ఒక మాట తన తోబుట్టువునీ, ఆ తోబుట్టువు పిల్లల్నీ, మనవల్నీ సి-కమాండ్ చేస్తుంది. తన తల్లినీ, తల్లి తోబుట్టువుల్నీ చెయ్యదు. మా అనుభవంలో ఇంతకన్నా తేలిగ్గా పట్టుబడే మాట లేదు.

ఆ కొలతే ఇంకో చోటా పనికొస్తుంది. 'రాము తమ్ముడు తనని తాను తిట్టుకున్నాడు' అన్నప్పుడు తిట్లు తిన్నది తమ్ముడే, రాము కాడు. వరసలో మొదట వినబడింది రాము పేరే అయినా అది 'రాము తమ్ముడు' అన్న కట్ట లోపల దాక్కుంది, 'తనని' దాకా దాని చెయ్యి చాపలేదు. చాపగలిగింది మొత్తం కట్ట. సర్వనామం పేరుతో కలవాలంటే అది ఆ పేరుని సి-కమాండ్ చెయ్యకూడదు, 'తనని తాను' కలవాలంటే పేరు దాన్ని సి-కమాండ్ చేసి తీరాలి. 1981లో చోమ్‌స్కీ తన బైండింగ్ సిద్ధాంతాన్ని, అంటే ఏ సర్వనామం ఏ పేరుతో కలుస్తుందో చెప్పేదాన్ని, కూర్చినప్పుడు ఈ కొలత మీదే నిలబెట్టారు. అప్పటినుంచి వాక్యనిర్మాణం పాఠం చెప్పే ఏ తరగతిలోనైనా సి-కమాండ్ లేకుండా రెండో వారం గడవదు.

ప్రశ్న: సి-కమాండ్ సూత్రాన్ని మా ఊరి మాటతో పరీక్షిద్దామని వాక్యాలు రాసుకుని పదిమందిని అడిగాను. ఒకరు అవునంటే ఒకరు కాదన్నారు. సూత్రం తెలుగుకి పనికిరాదా, నేనే తప్పు చేశానా?
ఎం.ఎ. విద్యార్థి, బొబ్బిలి

జవాబు: అడిగిన తీరులో తప్పు ఉండే అవకాశమే ఎక్కువ. సూత్రాన్ని తప్పుబట్టే ముందు ఈ కింది చోట్లు తరచి చూసుకోండి.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు, మొదట తట్టిన అర్థాన్నీ కుదిరే అర్థాన్నీ ఒకటిగా లెక్కెయ్యడం. 'అతని తమ్ముడు రాముని పిలిచాడు' అని చెప్పి 'ఎవరి తమ్ముడు?' అని అడిగితే చాలామందికి ముందు తట్టేది ఇంకెవరో మూడో మనిషి తమ్ముడు. అంతమాత్రాన రాము తమ్ముడు కాకూడదని కాదు. అందుకని ముందు రెండు మూడు ముక్కల్లో సందర్భం చెప్పండి. 'బజార్లో రాము, సోము నిలబడ్డారు. రాము సొంత తమ్ముడు అటుగా వెళ్తూ రాముని పిలిచాడు.' ఇది చెప్పాక మీ వాక్యం చదివి, 'జరిగినదానికి ఈ మాట సరిపోయిందా?' అని మాత్రమే అడగండి. 'ఈ వాక్యం తప్పా ఒప్పా' అని అడిగితే మన జిల్లాల్లో ఎవరైనా వెంటనే బడి తెలుగులోకి వెళ్ళిపోతారు. అప్పుడు మీకు దొరికేది వాళ్ళ మాట కాదు, వాళ్ళ పాఠ్యపుస్తకం.

అదే కారణంగా కాగితం చూపించకండి. చెవికి వినిపించండి. ఒకే గొంతుతో ఫోన్‌లో రికార్డు చేసుకుని అందరికీ అదే వినిపిస్తే మేలు. చదివేటప్పుడు 'అతను' మీద ఊనిక పడిందంటే అర్థం మారిపోతుంది. ఒక్క మాట నొక్కినా ఫలితం పాడైనట్టే.

రెండోది, పుస్తకపు మాటలు. 'ఆమె తల్లి' అని మీరు రాసుంటారు. ఇంట్లో ఎవరంటారు అలా? 'వాళ్ళమ్మ' అంటాం, ఇంకా ఇటువైపు 'ఆల్లమ్మ' అంటాం. బిడ్డ ఒక్కతే అయినా మాట బహువచనం. 'వాళ్ళమ్మ సీతని పలకరించింది' అంటే 'వాళ్ళ' అన్నది సీత ఒక్కతేనా, సీతా చెల్లెళ్ళా, పక్కింటి పిల్లలా అన్నది వినేవాళ్ళు తలో రకంగా ఊహిస్తారు. బంధుత్వం మాటల బదులు 'అతని బండి', 'అతని మేనేజరు' లాంటివి పెడితే ఈ గొడవ తగ్గుతుంది.

మూడోది 'తను'. వ్యాకరణం పుస్తకాల్లో ఇది వాక్యంలో ఎవరినో ఒకర్ని వెనక్కి చూపించే మాట. కానీ ఇప్పటి వాడుకలో భార్య భర్త గురించో, స్నేహితురాలు స్నేహితురాలి గురించో 'తను ఇంకా రాలేదు' అనేస్తుంది. వెనక ఎవరి పేరూ అక్కర్లేదు. అలా వాడేవాళ్ళని 'తను' గురించి అడిగితే వాళ్ళు మామూలు సర్వనామంగానే తీసుకుంటారు. పరీక్షకి 'తనని తాను' అన్న జంట వాడండి, ఒంటి 'తను' వద్దు.

నాలుగోది మాటల వరస. 'రాము తమ్ముణ్ణి అతను పిలిచాడు' అని తిప్పి చెబితే? ఇంగ్లీషుకి కర్మని ముందుకి తేవడం అరుదు. మనకి అది రోజువారీ పని. అలా తిప్పినప్పుడు చెట్టు కూడా మారిందా, మాట ఒక్కటే జరిగిందా అన్నది తెలుగులో నిజంగా తేల్చాల్సిన విషయం. ఇక్కడ వినేవాళ్ళు ఒకే మాట చెప్పరు. మీకు వచ్చిన భిన్నాభిప్రాయాలు ఈ రకం వాక్యాల మీదే అయితే అది మీ తప్పు కాదు, విలువైన సమాచారం. దాన్ని విడిగా రాసి పెట్టుకోండి, మిగతావాటితో కలిపి సగటు తియ్యకండి.

కొలతలు కావాలంటే ఇలా పెట్టుకోండి. నాలుగు రకాల నమూనాలు, ఒక్కోదానికి నాలుగేసి వాక్యాలు, మొత్తం పదహారు. వీటి మధ్య ఇంకో పదహారు సంబంధం లేని వాక్యాలు కలపండి, లేకపోతే ఐదో వాక్యానికి మీరేం అడుగుతున్నారో పసిగట్టేస్తారు. పై జంట వాక్యాలు రెండూ ఒకే మనిషి వినకూడదు, విన్నారంటే పోల్చి చూసి జవాబిస్తారు. అందుకని రెండు జాబితాలు చేసి, ఇరవైమందిని తీసుకుని, పదేసిమందికి ఒక్కో జాబితా వినిపించండి. మనిషికి పావుగంట చాలు. ప్రతి వాక్యంలోనూ ఇద్దరూ మగవాళ్ళే గాని ఇద్దరూ ఆడవాళ్ళే గాని ఉండాలి. 'సీత, రాము' అని పెడితే 'అతను' ఎవరో సూత్రం లేకుండానే తెలిసిపోతుంది.

ప్రశ్న: పిల్లలకి సర్వనామాలు ఆలస్యంగా వస్తాయని రైన్‌హార్ట్ రాశారట. నిజమేనా? మా కేంద్రంలో ఐదేళ్ళ పిల్లలతో చేసి చూడొచ్చా?
అంగన్‌వాడీ కార్యకర్త, చీపురుపల్లి

జవాబు: చూడొచ్చు, కానీ ఇంగ్లీషు ప్రయోగాన్ని మాటకి మాట దించితే పాడవుతుంది.

అసలు విషయం ఇది. తల్లి ఎలుగుబంటి, ఒక అమ్మాయి ఉన్న బొమ్మ చూపించి, ఎలుగుబంటి ఆమెని ముట్టుకుందా అని ఇంగ్లీషులో అడుగుతారు. బొమ్మలో ఎలుగుబంటి తనని తానే ముట్టుకుంటూ ఉంటుంది. పెద్దవాళ్ళు 'లేదు' అంటారు. ఐదారేళ్ళ పిల్లలు సుమారు సగం సార్లు 'అవును' అంటారు. కానీ తనని తాను అనే అర్థమిచ్చే మాట పెట్టి అడిగితే పొరబడరు. 'ప్రతి ఎలుగుబంటీ ఆమెని ముట్టుకుందా' అని అడిగినా పొరబాట్లు బాగా తగ్గిపోతాయి. 1990లో చియెన్, వెక్స్‌లర్ ఈ తేడాని చూపించారు. 1993లో యోసెఫ్ గ్రొడ్జిన్‌స్కీతో కలిసి రైన్‌హార్ట్ దీనికి కారణం చెప్పారు. సూత్రం పిల్లలకి తెలుసు. అయితే 'ఎలుగుబంటి ఆమెని' అన్నప్పుడు ఇద్దరూ ఒకరేనా అని తేల్చడానికి రెండు అర్థాలు మనసులో పక్కపక్కన పెట్టుకుని పోల్చాలి. అంత బరువు వాళ్ళ జ్ఞాపకశక్తి మొయ్యలేదు. అందుకని ఏదో ఒకటి చెప్పేస్తారు. సగం సగం రావడానికి కారణం అదే. 'ప్రతి' ఉన్నప్పుడు పోల్చాల్సిన పని లేదు, చెట్టు చూస్తే చాలు.

తెలుగులో చిక్కు 'కొను' దగ్గర వస్తుంది. తుడిచింది, తుడుచుకుంది. దువ్వింది, దువ్వుకుంది. క్రియలోనే తేడా వినబడుతోంది కాబట్టి బిడ్డ సర్వనామం వినకుండానే సరైన జవాబు చెప్పేయగలదు. మీరు కొలిచింది సర్వనామం కాదు, 'కొను' అవుతుంది. అలాగని ముట్టుకొను, పట్టుకొను, ఎత్తుకొను లాంటివి పెట్టొద్దు. వీటిలో 'కొను' ఉన్నా ఎదుటివాళ్ళని ముట్టుకోవచ్చు, ఎత్తుకోవచ్చు. ఒకే జాబితాలో రెండు రకాలూ కలిపితే ఫలితానికి అర్థమే ఉండదు. తుడుచు, దువ్వు, కడుగు లాంటి క్రియలు మాత్రమే తీసుకుని, 'కొను' ఉన్నవీ లేనివీ వేరువేరు పూట అడగండి. బిడ్డకి ఒక పూట ఎనిమిది బొమ్మలు మించొద్దు. తొమ్మిదో బొమ్మ నుంచి అన్నిటికీ 'అవును' అనడం మొదలెడతారు. మొదట్లో జవాబు 'లేదు' అని తేలిగ్గా తెలిసే రెండు బొమ్మలు పెడితే, ఆ బిడ్డ 'లేదు' అనడానికి జంకడం లేదని మీకు నమ్మకం కుదురుతుంది.

ప్రశ్న: రైన్‌హార్ట్ సొంత దేశానికి వ్యతిరేకంగా రాశారని కొందరు, ధైర్యవంతురాలని కొందరు అంటారు. అసలు ఆవిడ ఏమన్నారు? ఆవిడకి ఏ స్థానం ఇవ్వాలి?
న్యాయవాది, విజయనగరం

జవాబు: ముందు ఆమె ఏమన్నారో చూద్దాం. 1967 జూన్ యుద్ధంలో ఇజ్రాయెల్ వెస్ట్ బ్యాంక్, గాజా, తూర్పు జెరూసలేం వంటి ప్రాంతాలను స్వాధీనం చేసుకుంది. 1993 సెప్టెంబరులో ఇజ్రాయెల్‌కీ పాలస్తీనా విమోచన సంస్థకీ మధ్య ఓస్లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. శాంతి వచ్చేస్తోందని చాలామంది ఇజ్రాయెలీ మేధావులు సంతోషించిన రోజుల్లో, ఈ ఒప్పందం ఆక్రమణని ముగించదు, దాన్ని కొత్త రూపంలో నిలబెడుతుంది అని రైన్‌హార్ట్ రాశారు. రాసింది ఎక్కడో విదేశీ పత్రికలో కాదు. ఇజ్రాయెల్‌లోని పెద్ద దినపత్రికల్లో ఒకటైన యెదియోత్ అహరోనోత్‌లో, హీబ్రూలో, తన వాళ్ళు చదివే చోటే. 2002లో 'హౌ టు ఎండ్ ద వార్ ఆఫ్ 1948' పేరున ఆమె పుస్తకం వచ్చింది. చర్చల కోసం ఏళ్ళ తరబడి ఆగక్కర్లేదు, 2000 మే నెలలో దక్షిణ లెబనాన్ నుంచి సైన్యాన్ని వెనక్కి తీసుకున్నట్టే ఆక్రమిత ప్రాంతాల నుంచీ వెంటనే బయటికి రావచ్చు అన్నది అందులో ఆమె వాదన. 2006లో 'ద రోడ్ మ్యాప్ టు నోవేర్' వచ్చింది. 2005లో గాజా నుంచి ఇజ్రాయెలీల నివాస స్థావరాలు తీసేసినా ఆక్రమణ ముగియలేదని అందులో వాదించారు. వెస్ట్ బ్యాంక్‌లో గోడ కట్టడాన్ని అడ్డుకోవడానికి పాలస్తీనా గ్రామస్తులూ వాళ్ళకి తోడైన ఇజ్రాయెలీలూ కలిసి చేసిన నిరసనల గురించి అక్కడే రాశారు.

ఎక్కువ దుమారం లేపింది 2002 నాటి బహిష్కరణ వివాదం. ఇజ్రాయెల్ విద్యాసంస్థలతో సంబంధాలు ఆపాలని ఐరోపా అధ్యాపకులు కొందరు పిలుపిస్తే, ఆ సంస్థల్లో ఒకదానిలోనే పాఠాలు చెబుతున్న రైన్‌హార్ట్ దాన్ని సమర్థించారు. వర్ణవివక్ష నాటి దక్షిణాఫ్రికా విషయంలో పనికొచ్చిన ఒత్తిడి ఇక్కడెందుకు పనికిరాదని అడిగారు. విమర్శలూ గట్టిగానే వచ్చాయి. విద్యాస్వేచ్ఛని దెబ్బతీస్తే ముందు నష్టపోయేది ప్రభుత్వాన్ని ప్రశ్నించే అధ్యాపకులే అని ఆమె సహోద్యోగులే కొందరు వాదించారు. 2000 సెప్టెంబరులో మొదలైన రెండో ఇంతిఫాదా (పాలస్తీనీయుల తిరుగుబాటు) కాలంలో బస్సుల్లో, హోటళ్ళలో ఆత్మాహుతి దాడులకు బలైన ఇజ్రాయెలీల భయానికి ఆమె రాతల్లో తగిన చోటు లేదన్నది మరో ఆరోపణ. గురువు చోమ్‌స్కీతో రాజకీయంగా చాలా విషయాల్లో ఆమె ఏకీభవించినా, ఇజ్రాయెల్ విశ్వవిద్యాలయాల బహిష్కరణ పట్ల ఆయన ఎప్పుడూ అనుమానంగానే మాట్లాడారు. గురుశిష్యులు ఒకే బడి కాబట్టి ఒకే మాట అనుకోకండి.

ఇక స్థానం సంగతి. న్యాయవాదులు కాబట్టి మీకు ఈ మాట బాగా తెలుస్తుంది: ఒక కేసులో సాక్ష్యం ఇంకో కేసులో చెల్లదు. సి-కమాండ్ గొప్పది కాబట్టి ఓస్లో మీద ఆమె అన్నది నిజమై తీరాలని లేదు. ఆమె రాజకీయం నచ్చలేదు కాబట్టి సి-కమాండ్ తప్పూ కాదు. మొదటిదాన్ని వాక్యాలతో పరీక్షించాలి. రెండోదాన్ని ఒప్పందాల పాఠాలతో, పటాలతో, స్థావరాల లెక్కలతో పరీక్షించాలి. ఆమె కూడా రెండు పనులనూ వేరువేరుగానే చేశారు. వాక్యనిర్మాణం మీద ఆమె వ్యాసాల్లో రాజకీయం కనబడదు. మా మటుకు మాకు, ఆమె భాషాశాస్త్రం స్థిరంగా నిలబడింది. రాజకీయ రచనల్లో, జనం చప్పట్లు కొడుతున్న ఒప్పందాన్ని షరతు షరతుగా చదివి ప్రశ్నించిన ఆ ఓపికకి మా గౌరవం ఉంది. ఆమె చెప్పిన పరిష్కారాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నది ఎదుటి పక్షం రాసినవీ చదివాక మీరే తేల్చుకోండి.

ప్రశ్న: మన గిడుగు రామమూర్తి పంతులు గారూ భాషాశాస్త్రజ్ఞులే, ఉద్యమకారులే. ఇద్దర్నీ పోల్చవచ్చా?
విశ్రాంత ఉద్యోగి, టెక్కలి

జవాబు: పోల్చవచ్చు గాని ఒక పెద్ద తేడా మరిచిపోకూడదు. గిడుగు వారి ఉద్యమం భాష కోసమే. ఆయన శాస్త్రమూ ఉద్యమమూ ఒకే పని.

శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టి, విజయనగరంలో చదువుకుని, పర్లాకిమిడిలో పంతులయ్యారు. చుట్టుపక్కల కొండల్లో సవరలు మాట్లాడే భాషకి అప్పటికి వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. ఆయన ఆ భాష నేర్చుకుని, సొంత ఖర్చుతో సవర పిల్లలకి బళ్ళు పెట్టారు. 1931లో సవర భాష మీద ఆయన ఇంగ్లీషులో రాసిన మాన్యువల్ని మద్రాసు ప్రభుత్వం అచ్చువేసింది. 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. సవరలో కర్మపదం క్రియలోనే ఇమిడిపోయే తీరు ఒకటుంది. ప్రపంచ భాషాశాస్త్రజ్ఞులు ఆ విషయం చెప్పాల్సి వస్తే ఇప్పటికీ 1931 నాటి ఆ పుస్తకం వైపే చూస్తారు. ఇప్పటి సీతంపేట, అప్పటి పర్లాకిమిడి కొండల మాట అది.

వాడుక భాష ఉద్యమంలోనూ ఆయన ఆయుధం సాక్ష్యమే. వ్యాకరణం తప్పనే ప్రయోగాలు పూర్వుల రాతల్లో ఎన్ని ఉన్నాయో ఏరి చూపించారు. గ్రాంథికం రాస్తున్నామనుకునే పండితుల వ్యాసాల్లో ఆ గ్రాంథికమే ఎక్కడ తప్పుతోందో పంక్తి పంక్తికీ పట్టి చూపించారు. ఆయన ఉద్యమాన్ని ఖండించాలంటే ఆయన చూపిన ఉదాహరణలనే ఖండించాలి. రైన్‌హార్ట్ విషయం అలా కాదు. ఆమె పోరాడింది భాష గురించి కాదు, భూమి గురించి, సైన్యం గురించి.

పోలిక ఎక్కడ కుదురుతుందంటే, ఇద్దరూ తమ వాళ్ళ కోపానికి వెరవకుండా తమ వాళ్ళ భాషలోనే రాశారు. చివరి రోజుల్లో ఇద్దరూ ఉన్న చోటు వదిలారు. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపితే గిడుగు వారు మనసొప్పక రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940 జనవరి 22న పోయారు. పనిలో పనిగా బెన్ యెహూదాతో పోలిక కూడా చూడండి, అది ఇంకా ఆసక్తికరం. గిడుగు వారు మాట్లాడేదాన్ని రాయమన్నారు. బెన్ యెహూదా రాసేదాన్ని మాట్లాడమన్నారు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే కాలం.

ప్రశ్న: రైన్‌హార్ట్‌ని చదవాలంటే ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?
పరిశోధక విద్యార్థిని, పార్వతీపురం

జవాబు: 1983లో వచ్చిన 'అనాఫొరా అండ్ సెమాంటిక్ ఇంటర్‌ప్రిటేషన్'తో. 1976 సిద్ధాంత గ్రంథం కన్నా ఇది తేరుకున్న రచన. సర్వనామానికి అర్థం రెండు దారుల్లో వస్తుందన్న ముఖ్యమైన తేడా ఇందులో గట్టిగా చెప్పారు. 'రాము తన బండి తుడిచాడు, సోము కూడా' అంటే సోము తుడిచింది ఎవరి బండి అని అడిగి చూడండి. సోము బండే అనిపిస్తే 'తన' అన్నది కర్తకి ముడిపడింది, కర్త మారితే అదీ మారింది. 'అతని బండి' అని మార్చి అడగండి, రాము బండి అన్న అర్థం ముందుకొస్తుంది. అక్కడ ముడి లేదు, ఒకే మనిషిని చూపించడం మాత్రమే ఉంది. ఇది చేతికొచ్చాక 2006 నాటి 'ఇంటర్‌ఫేస్ స్ట్రాటజీస్' తియ్యండి, ముందే తీస్తే బరువు. తెలుగు వైపు నుంచి చదవాలంటే దక్షిణాసియా భాషల సర్వనామాల మీద 2000లో వచ్చిన పెద్ద సంకలనంలో కె.వి. సుబ్బారావు, లలితా మూర్తి తెలుగు గురించి రాసిన భాగం ఉంది. పక్కన అది పెట్టుకోండి.

ప్రశ్న: 'ఆడు వొస్తానన్నాడు' అంటాం మేం. 'ఆడు' అన్నాక 'వొస్తాను' ఏమిటి, ఇది తప్పు తెలుగా? రైన్‌హార్ట్ సూత్రాలు దీనికి వర్తిస్తాయా?
పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: నిక్షేపంగా ఒప్పు తెలుగు. 'వాడు వస్తానన్నాడు' అని గుంటూరులోనూ అంటారు. 'ఆడు', 'వొ' మాత్రమే మనవి, కట్టడం తెలుగువాళ్ళందరిదీ.

రెండు మాటలు పక్కపక్కన పెట్టండి. 'ఆడు వొస్తానన్నాడు.' 'ఆడు వొస్తాడన్నాడు.' మొదటిదాంట్లో అన్నవాడే వచ్చేవాడు. రెండోదాంట్లో అన్నవాడు వేరు, వచ్చేవాడు వేరు. తేడా అంతా ఒక్క అక్షరంలో ఉంది, 'న' కి బదులు 'డ'. మధ్యలో 'తను' చేర్చినా క్రియ మారదు: 'ఆడు తను వొస్తానన్నాడు.' కర్త ప్రథమ పురుష, క్రియ ఉత్తమ పురుష. ఇంగ్లీషులో ఇలా కుదరదు కాబట్టి అనువాదంలో ఈ ముడి విడిపోతుంది. ఆ ఇంగ్లీషు వాక్యాన్ని మళ్ళీ తెలుగు చెయ్యమంటే పిల్లలు 'అతను వస్తాడని చెప్పాడు' అని రాస్తారు, అర్థం తారుమారు అవుతుంది.

సి-కమాండ్ ఒక్కదానితో ఇది తేలదు. 'అన్నాడు' అన్న క్రియ ఉంది కాబట్టి, మాట ఎవరి నోట వచ్చిందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. కొన్ని సర్వనామాలు చెట్టు కొలతకి కాకుండా ఎవరి వైపు నుంచి చెబుతున్నామన్నదానికి లొంగుతాయని 1993లో ఎరిక్ రూలాండ్‌తో కలిసి రైన్‌హార్ట్ రాసిన వ్యాసం ఒప్పుకుంటుంది. తెలుగు ఆ పనిని సర్వనామంతో పాటు క్రియ చివర కూడా చేస్తోంది.

కాదన్న మాటలో ఇంకా జాగ్రత్త కావాలి. 'రానన్నాడు' అంటే తను రానన్నాడు. 'రాడన్నాడు' అంటే ఇంకొకడు రాడని చెప్పాడు. ఫోన్‌లో విన్నప్పుడు ఆ 'న', ఆ 'డ' సరిగ్గా చెవిన పడకపోతే, ఎవరు రావడం లేదో ఇంకోసారి పేరు పెట్టి అడగండి.